మంచులో కూత

మా మామయ్యకి మాట్లాడటం వచ్చన్న సంగతి మా అత్తయ్యకి పెళ్లయి ముప్ఫై ఏళ్లు దాటాక తెలిసింది. అదీ నా మూలంగా. ఆ నేరం ఇప్పటికీ నా నెత్తి మీదే ఉంది.

నేను నిఘంటువు కార్యాలయంలో టైపిస్టుని. పాత భవనం, మూస్తే తెరుచుకోని కిటికీలు, ఏళ్ల తరబడి తెమలని ఒక పెద్ద నిఘంటువు. ఆ ఏడాది నీళ్ల మీది నుంచి నేల మీదికి రావడానికి సంబంధించిన మాటలు మా బల్ల మీదికొచ్చాయి. ఒడ్డు, గట్టు, దరి, రేవు, వాటి చుట్టూ అల్లుకున్న పలుకుబడులూ. మా సంపాదకురాలు కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని అడిగింది.

"పుస్తకాల్లో ఉన్న అర్థాలు పుస్తకాల్లోనే ఉన్నాయమ్మా. నీళ్ల మీద బతికిన మనిషి ఈ మాటల్ని ఎలా వాడతాడో వినాలి. ఎవరైనా తెలుసా నీకు?"

తెలుసు. మామయ్య లాంచీ సరంగు. నది సముద్రంలో కలిసే చోట, అవతలి ఒడ్డుకీ ఇవతలి ఒడ్డుకీ జనాన్ని దాటించే లాంచీ నడిపేవారు. వంతెన వచ్చాక లాంచీలు ఆగిపోయాయి, మామయ్య బాల్కనీలో కుర్చీకి అతుక్కుపోయారు. నోట్లో నాలుక లేని మనిషి. ఒకటి రెండు ముక్కలు చెప్పి వచ్చేస్తారులే అనుకుని తీసుకెళ్లాను. ఆయన 'ఒడ్డు' అనే ఒక్క మాట పట్టుకుని టీ రెండుసార్లు చల్లారేదాకా మాట్లాడారు.

"ఒడ్డు కంటికి కనిపించేదండీ. దరి అలా కాదు, ఒంటికి తెలుస్తుంది. గాలి మారుతుంది, మట్టి వాసనొస్తుంది, అప్పుడు దరికొచ్చాం అనుకుంటాం. గట్టు ఎక్కాల్సింది, అది మోకాళ్లకి తెలుస్తుంది. తీరం అన్నమాట మా లాంచీలో ఎవరూ అనగా నేను వినలేదు. అది బట్టలు తడవనివాళ్ల మాట."

సంపాదకురాలు పకపకా నవ్వింది. నేను టైపు చేయడం మానేసి ఆయన మొహంలోకి చూస్తూ ఉండిపోయాను. కాపరానికొచ్చిన నాటి నుంచి ఆ మనిషి నాతో అన్న మాటలన్నీ కలిపినా అంత పొడుగుండవు.

ఆ సాయంత్రం ఇంటికెళ్లి గొప్పగా చెప్పాను. అదే నేను చేసిన తెలివితక్కువ పని. అత్తయ్య కూర కలుపుతున్న గరిటె ఆపింది.

"ఎవరు? మీ మామయ్యా? మాట్లాడారా? ఎవరితో?"

"మా సంపాదకురాలితో అత్తయ్యా. ఎంత బాగా చెప్పారో!"

"ఆవిడకి వయసెంత ఉంటుంది?"

అక్కడ మొదలైంది. మాటలింకా తెమలలేదని సంపాదకురాలు మామయ్యని రోజూ ఆఫీసుకి రమ్మంది. ఆ రోజు నుంచి మా సంపాదకురాలికి మా ఇంట్లో 'అర్థాలమ్మ' అని పేరు స్థిరపడిపోయింది. నేను చెప్పులు విడిచేలోపే గుచ్చి గుచ్చి అడగడం. ఇవాళేం మాట్లాడారు, ఎంతసేపు మాట్లాడారు, ఆవిడ నవ్విందా, ఆయన నవ్వారా, టీ ఎవరు పోశారు. మామయ్య గడ్డం గీసుకుంటే అద్దంలోంచి చూసేది. ఇస్త్రీ చొక్కా తీస్తే, "అర్థాలు నలిగిపోతాయా మామూలు చొక్కాలో?" అనేది. ఆయన ఇంట్లో అడుగుపెట్టగానే, "అవతరించారా!" అని ఎదురొచ్చేది. అవతరించడం అంటే మొదట్లో కిందికి దిగడమేనని ఆ వారమే మా ఆఫీసులో అనుకున్నాం. ఆ సంగతి అప్పుడు ఆవిడతో చెప్పేటంత ధైర్యం నాకు లేకపోయింది. మామయ్య అన్నీ విని, వినీ విననట్టు చెప్పులు ఓ మూల పెట్టి, కుర్చీలో కూర్చునేవారు.

ఒకసారి వంటింట్లో ఉన్నట్టుండి నా చేయి పట్టుకుంది.

"నిజం చెప్పమ్మాయ్. ఇన్నేళ్లూ నేను గోడతో కాపరం చేశాననుకున్నాను. పోనీ గోడే కదా అని సర్దుకున్నాను. గోడ కాదట. నోరుందట. ఆ నోరు నా దగ్గర మాత్రమే మూసుకుపోతుందట. నాకు కడుపు మండదా?"

మండుతుంది. ఎవరికైనా మండుతుంది.

అత్తయ్య సంగతి కాస్త చెప్పాలి. ఆవిడ రేవులో టిక్కెట్ల కిటికీ వెనక కూర్చునేది. చెక్క గది, మోచేతులు ఆన్చి ఆన్చి నున్నబడిన గట్టు, కిటికీకి ఒక చిన్న చీలిక. అందులోంచి చేతులే తప్ప మొహాలు కనిపించవు. కొత్తగా వచ్చిన సరంగు చెయ్యి మాత్రం వేరేగా ఉండేదట, తాళ్లు ఒరుసుకుని అరచేయి గీతలు అరిగిపోయిన చెయ్యి. ఆ చెయ్యినే చేసుకుంది. తర్వాత తెలిసింది, దానికి నోరు లేదని.

చలికాలంలో ఆ నది మీద మంచు దిగితే ముక్కు ముందు ఏముందో కనిపించదు. రేవులో గంట ఉండేది కానీ దాని మోత నీళ్ల మీద నాలుగు వైపుల నుంచీ వచ్చినట్టుండి సరంగుని తికమక పెట్టేది. మనిషి గొంతయితే ఎక్కడి నుంచి వస్తోందో పోల్చుకోవచ్చు. అందుకని గట్టు చివర ఒక మనిషి నిలబడి కూత పెట్టాలి. లాంచీ దరికి రాగానే సరంగు ఇంజను ఆపేస్తాడు. లాంచీలో ఎవరూ కిక్కురుమనకూడదు. గట్టు మీది గొంతు వింటూ, అది ఎటు బలంగా వినిపిస్తే అటు చుక్కాని తిప్పుకుంటూ వస్తాడు. బదులు మాత్రం పలకకూడదు. పలికితే కూత పెట్టే మనిషి ఏమిటా అని వినడానికి ఆగుతుంది. కూత తెగుతుంది. తెగిన ఆ కాస్త ఖాళీలోనే లాంచీ వెళ్లి రాళ్లకి కొట్టుకుంటుంది.

పాత కూతమనిషి గొంతు పోయాక ఆ పని అత్తయ్య మీద పడింది. ఊరికే 'ఇటూ ఇటూ' అని అరిస్తే మధ్యలో ఊపిరి తీసుకోవాలి, తెగిపోతుంది. తెగకుండా ఉండాలంటే మాట్లాడుతూనే ఉండాలి. మాట్లాడటానికి అత్తయ్యకి ఏం కరువు? "ఏమండోయ్! ఉప్పు తెమ్మన్నానా లేదా? మీ అబ్బాయి మళ్లీ పలక పగలగొట్టాడు. పొయ్యి పొగ కక్కుతోంది, ఎన్నిసార్లు చెప్పాలి? నిన్న మీ తమ్ముడొచ్చి కూర్చున్నాడు, లేస్తేనా..." ఇలా సంసారం మొత్తం ఆ మంచులోకి విసిరేది. లాంచీలో జనం నోటికి చేతులు అడ్డం పెట్టుకుని చచ్చేటట్టు నవ్వుకునేవాళ్లట. లాంచీ వచ్చి మెత్తగా రేవుకి తగిలేది. మామయ్య తాడు కట్టి, ఆవిడ వంక ఒక్క చూపు చూసి, ఉప్పు కొనడానికి వెళ్లిపోయేవారు.

"అంతమందిని గట్టెక్కించాను," అనేది అత్తయ్య. "పేరు మాత్రం ఆయనది. గట్టెక్కినవాళ్లని అడుగుతారు, ఎక్కించినవాళ్లని అడుగుతారు, గట్టు మీద నిలబడి గొంతు చించుకున్నదాన్ని అడిగేవాళ్లు లేరు. మీ అర్థాలమ్మ అడిగిందా?"

అడగలేదు. నాకూ తట్టలేదు.

ఒక మధ్యాహ్నం అత్తయ్యే ఆఫీసుకి వచ్చింది. మామయ్య కళ్లజోడు ఇంట్లో మరిచిపోయారని తెచ్చిందట. ఆ కళ్లజోడు పొద్దున ఆవిడే తన సంచీలో దాచిందని నా అనుమానం. గది బయట బెంచీ మీద కూర్చుంది. తలుపు ఓరగా ఉంది. నేను టైపు చేస్తున్న చోటి నుంచి ఆవిడ మోకాళ్లూ, వాటి మీద గట్టిగా పట్టుకున్న సంచీ కనిపిస్తున్నాయి.

లోపల సంపాదకురాలు మంచి ఊపు మీద ఉంది.

"పరీక్షలో ఉత్తీర్ణుడయ్యాడంటాం కదండీ, ఆ మాటకి అసలు అర్థం నీళ్లు దాటి పైకొచ్చినవాడని. పారంగతుడంటే అవతలి గట్టు చేరినవాడు. పారమంటే ఆ ఒడ్డు."

"అయితే మా లాంచీ ఎక్కిన ప్రతివాడూ ఉత్తీర్ణుడేనన్నమాట!" అన్నారు మామయ్య. "మేకలు కూడానూ! మేకల్ని కూడా దాటించేవాళ్లం. పారంగత మేకలు!"

అని నవ్వారు. నోరారా, భుజాలు కదిలేలా, కళ్లు తుడుచుకునేటట్టు నవ్వారు. మామయ్య నవ్వు అలా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. సంపాదకురాలు టీ పోసి అందించింది. "చాలా థాంక్సండీ," అన్నారు.

బెంచీ మీద మోకాళ్లు లేచాయి. నేను బయటికి పరిగెత్తేసరికి కళ్లజోడు బెంచీ మీద ఉంది, అత్తయ్య మెట్లు దిగిపోతోంది. పిలిస్తే వెనక్కి తిరిగింది. మొహం ఎర్రగా కంది ఉంది.

"థాంక్సట. విన్నావా? నేను పోసిన టీలు ఏ గంగలో కలిశాయి? మాటలు అక్కడా, తిండి ఇక్కడానా? ఇంక నా నోటి నుంచి ఆ మనిషికి ఒక్క మాట వినబడదు. ఆదివారం మా చెల్లెలింటికి పోతాను. పోతే ఇంక రాను."

ఉత్త బెదిరింపేమో అనుకున్నాను. ఇంటికొచ్చి చూస్తే మంచం మీద సంచీలో బట్టలు సర్దుతోంది. చలికాలం కోటు కూడా పెట్టింది. అప్పటికి మంచి ఎండలు. అప్పుడు నాకు భయం వేసింది.

మాట అంటే మాటే. అత్తయ్య నోరు మూసింది. మామయ్య ముందు కంచం పెట్టేది, తీసేది. మాతో మాట్లాడేది, ఆయన గదిలోకి రాగానే ఆపేసేది. మా ఆయన పుట్టు వాగుడుకాయ, ఖాళీని పూడ్చుదామని ఆఫీసు కబుర్లన్నీ చెప్పాడు. ఆ ఇంటికి ఆ గొంతు సరిపోలేదు. మామయ్య చెంబు ఎక్కడ పెట్టారో మరిచిపోయారు, దీపం వేసిన గదిలోనే మళ్లీ దీపం వేయబోయి ఆర్పేశారు. ఏమైందని అడగలేదు. అడిగే అలవాటు ఉంటే కదా.

మర్నాడు సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ చూశాను. మాది మూడో అంతస్తు. మెట్ల మీద బల్బు మాడిపోయి చాలా రోజులైంది, ఎవరూ మార్చలేదు. కింది మెట్టు దగ్గర, గోడ మీద చేయి వేసి, మామయ్య నిలబడి ఉన్నారు.

"ఏంటి మామయ్యా, ఇక్కడ నిలబడ్డారు?"

"ఇంట్లో ఎవరూ లేరేమోనని," అన్నారు.

ఇంట్లో దీపం వెలుగుతోంది. రోజూ అయితే ఆయన చెప్పుల చప్పుడు మొదటి మెట్టు మీద వినపడగానే పైనుంచి అత్తయ్య మొదలెట్టేది, "వచ్చారా? నెమ్మదిగా, మూడో మెట్టు విరిగింది, పాలు తెచ్చారా..." అని. ఇవాళ పైన ఉలుకూ పలుకూ లేదు. నేను ముందు నడుస్తూ ఏదో ఒకటి వాగుతూ ఆయన్ని పైకి తీసుకెళ్లాను.

ఆ తర్వాతి రోజు ఆఫీసులో సంపాదకురాలు 'దరిచేరడం' దగ్గరికొచ్చింది. మామయ్య బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నారు. టీ చల్లారింది. చివరికి ఆయనంతట ఆయనే నోరు తెరిచారు.

"దరి చేరేటప్పుడు నోరు విప్పకూడదండీ. పిలిచే గొంతు ఆగిపోతుంది. ముప్ఫై ఏళ్లు నేను ఆ గొంతు వింటూనే ఇంటికొచ్చాను. రేవు పోయినా ఆ గొంతు పోలేదు కదా, అందుకని నేనూ నోరు విప్పలేదు. ఇప్పుడు ఇంట్లో కూత ఆగిపోయింది. ఎటు తిప్పాలో తెలియడం లేదు."

సంపాదకురాలు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "ఈ మాట ఆవిడతో చెప్పండి," అంది.

"నాకు రాదండీ," అన్నారు మామయ్య. "ఆవిడ ముందు నాకు వినడమే వచ్చు."

ఇంకేముంది, అంతా చక్కబడిపోతుందనుకున్నాను. ఆ సాయంత్రం ఒక్క పరుగున ఇంటికొచ్చి, వంటింట్లో అత్తయ్యని కూర్చోబెట్టి, ఒక్క అక్షరం పొల్లుపోకుండా చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను. ఆవిడ కళ్లల్లోకి నీళ్లయితే వచ్చాయి. ఆ వెంటనే నిప్పులూ వచ్చాయి.

"ఇది కూడా ఆవిడకే చెప్పారా?"

"అత్తయ్యా, మీ గురించే కదా..."

"నా గురించే. నాకు చెప్పాల్సింది. ముప్ఫై ఏళ్లలో నాకు చెప్పాల్సింది అదొక్కటే మాట. దాన్ని తీసుకెళ్లి ఆ అర్థాలమ్మ బల్ల మీద పెట్టారా? నాకు మిగిలిందేమిటి? ఆవిడ విన్నాక నువ్వు విని, నువ్వు విన్నాక నేను వినాలా? ఎంగిలి మాట నాకెందుకమ్మాయ్!"

లేచి వెళ్లి సంచీ తెచ్చి గుమ్మం పక్కన పెట్టింది. ఆదివారం దాకా ఆగదట, రేపే పోతుందట. నా నోటిని నేనే తిట్టుకున్నాను. మా ఆయన తల పట్టుకున్నాడు.

చీకటి పడుతుండగా కింద చెప్పుల చప్పుడైంది. ఆగిపోయింది. అత్తయ్య గుమ్మంలో నిలబడి ఉంది, పెదవులు బిగించి, సంచీ పక్కనే. కింద మామయ్య. మధ్యలో చీకటి మెట్లు. 'వెళ్లి తీసుకురా' అని మా ఆయన నాకు సైగ చేశాడు. నేను కదలబోతుంటే కింద నుంచి దగ్గు వినిపించింది. ఆ తర్వాత గొంతు.

"ఏమేవ్!"

అత్తయ్య ఉలిక్కిపడింది. మామయ్య ఆ పిలుపు పిలవగా మేమెవరమూ వినలేదు.

"ఏమేవ్! ఉల్లిపాయలు తెచ్చాను. రెండు మెత్తగా ఉన్నాయి, చూసుకోలేదు. గొడుగు బస్సులో వదిలేశాను. కొత్తదే. నువ్వు కొన్నదే. ఇటు... ఇటున్నాను. మూడో మెట్టు విరిగింది, జాగ్రత్త. పాలవాడు రేపు రాడట. మోకాలు నొప్పిగా ఉంది, నీకు చెప్పలేదు. పన్ను కూడా ఒకటి కదులుతోంది..."

రెండో అంతస్తులో తలుపు తెరుచుకుంది. ఆ ఇంటావిడ తల బయటపెట్టింది. మామయ్య ఆగలేదు. ఆయనకి చేతకావడం లేదని తెలుస్తూనే ఉంది, మాటకీ మాటకీ మధ్య తడుముకుంటున్నారు, అయినా తెగనివ్వడం లేదు. పంటి సంగతి అయిపోయాక పొయ్యి సంగతి ఎత్తుకున్నారు, ఎప్పుడో పొగ కక్కిన ఆ రేవు దగ్గరి పొయ్యి. బాగు చేయించనందుకు తప్పు తనదేనన్నారు. ఉప్పు మరిచిపోయిన రోజులు ఒప్పుకున్నారు. తమ్ముడిని అంతసేపు కూర్చోనివ్వాల్సింది కాదన్నారు. మంచులోకి ఆవిడ విసిరిన సంసారంలో ఒక్క ముక్క కూడా ఆ మనిషి పారేసుకోలేదు.

అత్తయ్య గోడ మీద చేయి వేసి మెట్లు దిగడం మొదలెట్టింది.

"వస్తున్నానని చెప్పండి అత్తయ్యా," అన్నాను.

ఆవిడ వెనక్కి తిరిగి, పెదవుల మీద వేలు పెట్టి, ఊరుకోమన్నట్టు నన్ను కసురుతూ చూసింది. బదులు పలికితే ఆయన ఆగిపోతారు. చప్పుడు చేయకుండా, ఒక్కో మెట్టూ కాలితో తడుముకుంటూ, ఆ గొంతు వైపు దిగింది.

నాకూ కొంచెం కుళ్లు పుట్టింది, ఎందుకు దాచాలి. పక్కన మా ఆయన, "ఏమంటున్నాడు నాన్న, ఏమంటున్నాడు?" అని చెవిలో జోరీగలా వాగుతూనే ఉన్నాడు.

కింద మామయ్య గొంతు ఆగింది. చేరిందన్నమాట. కాసేపటికి అత్తయ్య గొంతు లేచింది.

"గొడుగు పోగొట్టారా? కొత్త గొడుగు! మోకాలు నొప్పని ఎన్నాళ్ల నుంచి? ఇదిగో చెప్తున్నాను వినండి, ఇవాళ మీరు ఇక్కడ అన్న మాటల్లో ఒక్కటి ఆ అర్థాలమ్మ చెవిన పడిందో, నేను నిజంగానే పోతాను. ఇవి నావి. నిఘంటువులోకి ఎక్కడానికి వీల్లేదు. అర్థమైందా? ఆ సంచీ ఇలా ఇవ్వండి, ఉల్లిపాయలు చూడనివ్వండి. మూడో మెట్టు, మూడో మెట్టు..."

మామయ్య బదులు పలకలేదు. ఆవిడ తిడుతూ ముందు, ఆయన ఒక మెట్టు వెనక, ఇద్దరూ చీకట్లో ఎక్కి వచ్చారు. గుమ్మం పక్కన ఉన్న బట్టల సంచీని అత్తయ్య కాలితో లోపలికి తోసింది.

మర్నాడు ఆఫీసులో సంపాదకురాలు టీ పోస్తూ ఆత్రంగా అడిగింది.

"ఇంతకీ ఆవిడతో మాట్లాడారా? ఏమన్నారు? చెప్పండి చెప్పండి."

నా వేళ్లు అక్షరాల మీద సిద్ధంగా ఉన్నాయి. మామయ్య టీ కప్పు అందుకుని, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. ఎంతసేపటికీ నోరు మెదపలేదు.